రిజిస్టరులో పోటు

తెనాలిలో ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన రామబ్రహ్మం, సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక కొట్టు మూసి, రేపల్లెలో ఆడవాళ్ళకు కుట్టు నేర్పే కేంద్రంలో మాస్టారుగా చేరాడు. రోజూ పాసింజరెక్కి వచ్చి, పది కొట్టగానే బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీసేవాడు. ఆ గీతలు చూడని మనిషి చేతికి కత్తెర ఇచ్చినా దండగే. అందుకే ఆలస్యమంటే ఆయనకు ఒళ్ళుమంట. ఎవరెన్నింటికి వచ్చారో రిజిస్టరులో నిమిషాలతో సహా రాసేవాడు. నెలలో మూడు ఆలస్యాలైతే పేరు కొట్టేయడమే.

నిజాంపట్నం నుంచి వచ్చే వెంకటసుబ్బులుకు ఆ నెల మూడు కాదు, ఆరయ్యాయి. మొగుడి పడవ తెచ్చిన చేపలు అమ్మేసి క్లాసుకొచ్చేది. చెయ్యి మాత్రం బంగారం; ఆమె వేసిన కుట్టు తిరగేసి చూసినా ఒక్కలాగే ఉండేది. సర్టిఫికెట్టు చేతికొస్తే ఇంట్లోనే కుట్టుకుంటూ, ఆ చేపల గంప దించేయాలని ఆశ. ఎందుకాలస్యమని అడిగితే ఒకటే జవాబు, పడవ రాలేదని. నాలుగు రోజులు అందరికంటే ముందొచ్చి ఐదో రోజు ఆలస్యం చేసే మనిషి మాట ఆయన నమ్మలేదు.

నెలాఖరు సాయంత్రం తిరుగు బండిలో, ఆ పేరు కొట్టేద్దామని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని పెన్ను మూత తీశాడు. వేమూరు దాటుతుండగా ఆయన చూపు ఆ వరస మీద ఆగింది. పది, పదీముప్పావు, పదకొండున్నర, పన్నెండుంబావు, ఆపైన మూడు రోజులు ఖాళీ, మళ్ళీ పది. కాస్త అటూ ఇటూగా, జాకెట్టు సైజులు పెరిగినట్టే పెరుగుతున్నాయి. సోమరితనానికి ఇంత కొలత ఉండదనుకున్నాడు టేపు పట్టిన మనిషి. పెన్ను మూత పెట్టేశాడు.

మర్నాడు ఆమెనే అడిగాడు.

"పోటు మీదే గదా మాస్టారూ పడవ లోపలికొచ్చేది. నీళ్ళు తీసేస్తే, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసక తగులుద్ది. పోటేమో రోజూ ముప్పావుగంట ఎనక్కి జరుగుద్ది. పున్నమికీ అమాసకీ బాగా పొద్దెక్కుద్ది, ఇక క్లాసుకి అందను. ఆ తర్వాత తెల్లారకముందు పోటే అందుద్ది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"పడవ రాలేదని చెబుతూనే ఉన్నా గదండీ. ఎందుకు రాలేదని మీరడగలేదు."

ఆడవాళ్ళంతా చేతుల్లో గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది.

గోడ క్యాలెండరు దించి తిథులు చూసుకున్నాడు. సుద్ద గీతల పాఠాలు ఏకాదశిలోపు పెట్టాడు. పున్నమి, అమావాస్యల చుట్టూ కాజాలు, బొత్తాలు, అంచులు. ఎప్పుడొచ్చి కూర్చున్నా అందుకునే పనులు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు తాను మళ్ళీ చెప్పనన్నాడు, పక్క మిషను మనిషే చెప్పాలి. తప్పు చెబితే ఇద్దరూ విప్పి కుట్టాలి. వెంకటసుబ్బులు పక్కన క్రిస్టినా. చర్చికెళ్ళే తనచేత కూడా మాస్టారు ఏకాదశి లెక్కలు కట్టిస్తున్నారని ఆమె వేళాకోళం. చెప్పీ చెప్పీ ఆమెకే పాఠం గట్టిపడింది.

పోటు ఆలస్యాలు మూడింటి లెక్కలోకి రావన్నాడు. నిమిషాలు రాయడం మాత్రం మానలేదు.

ఒక దశమి నాడు వెంకటసుబ్బులు పదకొండింటికి వచ్చింది. ఆయన క్యాలెండరు వంక చూశాడు.

"ఏంటమ్మా, ఇవాళ సముద్రం కూడా ఆలస్యమా?"

ఆమె గుమ్మంలో చెప్పులు విడిచి తల దించుకుంది. "సముద్రం టైముకే వచ్చిందండి. నాకే నిద్ర పట్టేసింది."

ఆయన నిమిషాలతో సహా రాసి, ఇది ఒకటోదన్నాడు. ఆమె వెళ్ళి తన మిషను ముందు కూర్చుంది. క్రిస్టినా గుసగుసగా కొలతలు చెప్పడం మొదలుపెట్టింది. ఆయన అటు చూడకుండానే, బల్ల మీది గుడ్డ దులిపి, పదింటికి గీసిన గీతే ఇంకోసారి, కాస్త మెల్లగా గీశాడు.