ఇస్త్రీ చొక్కా వేసిన రోజు

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ల దగ్గర నోరు పెగలక ఇన్నేళ్లూ ఈ బరువు మోశాను. ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మధ్యలో లేచి, కడిగిన స్టవ్వే మళ్లీ కడిగి వచ్చాను.

మా ఆయన ఇక్కడే, అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగానే లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ తీసుకున్నారు. ముసలితనంలో మన పనులు మనం చేసుకోలేకపోతే, ఇంటికొచ్చి చూసుకునే మనిషి జీతం ఆ కంపెనీ ఇస్తుంది. "పిల్లకి భారం కాకూడదు" అనేవారు. తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది. స్నానం, బట్టలు, మంచం దిగడం, అన్నీ నేనే చేయించేదాన్ని. సొంతంగా మనిషిని పెట్టుకుందామంటే ఆ ఖర్చు మాకు అందేది కాదు. క్లెయిమ్ పెట్టాం. రోజువారీ పనుల్లో రెండింటికి ఇంకొకరి సాయం లేనిదే గడవదని తేలితే చాలు. అది తేల్చడానికి కంపెనీ ఒక నర్సును పంపింది.

ఇంటికి మనిషి వస్తోందంటే మనం ఏం చేస్తాం? నేనూ అదే చేశాను. పొద్దున్నే ఆయనకు గడ్డం గీసి, తలంటు పోసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, బొత్తాలన్నీ పెట్టి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు సోఫాలో కూర్చోబెట్టాను. జీడిపప్పు వేసి ఉప్మా చేశాను. నర్సు ఆయన్ని ఒక బొత్తాం విప్పి మళ్లీ పెట్టమంది. "ఆడవాళ్ల ముందా?" అని ఆయన ఇంగ్లిష్‌లో నవ్వేశారు. ఆవిడా నవ్వి వదిలేసింది. లేచి నిలబడమన్నప్పుడు, కాఫీ కప్పు తీసే వంకన నేను పక్కకు చేరి భుజం అందించాను. అంతవరకూ మొహమాటమే అనుకోండి. తర్వాతది కాదు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా ఇంగ్లిష్‌లో అడిగింది. "స్నానం మీరే చేయిస్తారా? నిజం చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

"నో నో, ఎవ్రీథింగ్ హిమ్‌సెల్ఫ్. ఐ ఓన్లీ మేక్ కాఫీ."

ఆయన్ని లేపీ దించీ పట్టేసిన నడుముకి నేను కట్టుకున్న బెల్టు వంక ఆవిడ చూసింది. "ఆర్ యూ ష్యూర్?"

"ష్యూర్."

క్లెయిమ్ రాలేదు. మా డాక్టరు, తాను ఉత్తరం రాసిస్తాననీ కంపెనీని మళ్లీ అడగమనీ చెప్పారు. ఎందుకులెండి అన్నాను. ఆ సంగతి మా అమ్మాయి సింధు చెవిన పడనివ్వలేదు.

సింధు అప్పుడు కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తోంది. "వాళ్లు నాన్నని చీట్ చేశారు అమ్మా! ఐయామ్ కమింగ్ హోమ్" అని ఫోన్‌లో ఏడ్చింది. నేను ఊకొట్టడంతో ఆగానా? కంపెనీని నాలుగు తిట్లు కూడా తిట్టాను.

ఎందుకు చేశాను? పరువు కోసమా? పరాయి మనిషి ఆయన ఒంటిమీద చెయ్యి వేయడం చూడలేకనా? చాలాకాలం నాకు నేను ఈ జవాబే చెప్పుకున్నాను, నమ్మాను కూడా. కానీ సింధు సూట్‌కేసుతో గరాజ్ తలుపులోంచి లోపలికి వచ్చిన క్షణాన నాకు కలిగింది బాధ కాదు. సంతోషం. ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలిపోయామన్న దిగులు నన్ను అంతలా తినేసిందా? పిల్లను వెనక్కి లాక్కోవడానికే గుమ్మం దగ్గర ఆ మాట అన్నానా? ఏమో. కాదని మాత్రం అనలేను.

అది ఇక్కడే చిన్న ఉద్యోగం చూసుకుంది. పెళ్లి చేసుకుందామనుకున్న అబ్బాయి కొన్నాళ్లు కాలిఫోర్నియా నుంచి వచ్చి పోతుండేవాడు, తర్వాత మానేశాడు. ఏమైందని నేను అడగలేదు. నా నడుము పూర్తిగా పోయాక, సింధే వాళ్ల నాన్నకు స్నానం చేయించేది. ఆయన కళ్లు గట్టిగా మూసుకునేవారు. నేను నర్సు ముందు కాపాడిన పరువు అదీ. ఆయన పోయేదాకా అలాగే గడిచింది.

మొన్న సింధు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆఫీసు ఇన్సూరెన్సులు చూసుకుంటోంది. "లాంగ్ టర్మ్ కేర్ నాకొద్దు. నాన్నకి ఏం చేశారో చూశాం కదా" అని లాప్‌టాప్ మూసేసింది. ఒంటరి పిల్ల. రేపు దాన్ని చూసేవాళ్లెవరు? నేను పప్పు వడ్డిస్తూ "నీ ఇష్టం" అన్నాను. నిజం చెప్పాల్సిన ఆ క్షణంలో కూడా అంతే అన్నాను.

దానికి ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. చెబితే నా మొహం చూస్తుందో లేదో కూడా తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. కంపెనీ మోసం చేయలేదు. అడగాల్సింది అడిగింది. మోసం చేసింది నేను. ఈ మాట రాశాక లేచి వెళ్లాలనిపించలేదు. కూర్చునే ఉన్నాను.