ఆరున్నొకటో స్తంభం

మాస్టారు పోయారన్న కబురు ఒంగోలులోని వాళ్లింటి నుంచి రాకముందే కొత్తపట్నం నుంచి నాకు ఒక ఫోన్ వచ్చింది. అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న పాత ఓడల కొట్టానికి తాళాలు చూసుకునే అక్క చేసింది. "అమ్మా, మాస్టారు బాగున్నారా? పొద్దున కొట్టంలో ఎవరో లెక్కపెడతన్నట్టు వినిపించింది. తాళం వేసినట్టే ఉంది. అయినా తీసి చూశా. ఎవురూ లేరు. ఆరు దాకా అని ఆగిపోయింది" అంది. గాలి అయి ఉంటుందిలే అక్కా అని పెట్టేశాను. చేతిలో టీ చల్లారకముందే రెండో ఫోన్ వచ్చింది.

ఆయన పాలిటెక్నిక్‌లో నాకు బిల్డింగ్ డ్రాయింగ్ చెప్పిన మాస్టారు. ఇప్పుడు నేనూ అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను. పెన్సిలు బ్లేడుతోనే చెక్కేవారు. చెక్కిన పొట్టు చొక్కా జేబులో వేసుకునేవారు, కింద పడనిచ్చేవారు కాదు. రిటైరయ్యాక ఆయనకు పట్టుకున్న పిచ్చి ఒక్కటే, ఆ కొట్టం. కొలతలకు తోడు రమ్మని నన్నూ లాక్కెళ్లేవారు. ఆదివారాలన్నీ అలా పోయాయి. అప్పుడు విసుక్కున్నాను కూడా.

దొరల కాలంలో యుద్ధపు ఓడలు కట్టి, బాగుచేసిన కార్ఖానా అది. ఓడల రాక ఆగిపోయాక పత్తి బేళ్లు పెట్టారు, తర్వాత పొగాకు, ఇప్పుడు వలలు. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. ఓడను నీళ్లలోకి జార్చడానికి నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. పైకప్పు మాత్రం ఇళ్లు కట్టేవాళ్ల పని కాదు. ఓడలు చేసే వడ్రంగులు తమకు తెలిసిన పనే అక్కడా చేశారు. లోపల నిలబడి తలెత్తితే వంగిన టేకు పక్కటెముకలు, మధ్యలో పొడుగాటి వెన్ను. "మనం నీళ్ల కింద ఉన్నాం తల్లీ. ఓడ పైన పోతోంది" అనేవారు మాస్టారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదు.

లోపల రెండు వరసల్లో స్తంభాలు. ప్రతి జత అడుగున ఉలితో చెక్కిన తెలుగు అంకె ఉంది. ౧ నుంచి ౬ దాకా, ఒకటి నుంచి ఆరు, వరసగానే ఉంటాయి. సముద్రం వైపు చివరి జత మీద మాత్రం ౬౧, అంటే అరవై ఒకటి, అని ఉంది. మరి మధ్యలో ఉండాల్సిన యాభై నాలుగు జతలు ఏమైనట్టు? ఊళ్లో దీనికి జవాబు ఎప్పుడో తయారైంది. సముద్రం మింగిందట. మిగిలిన కొట్టమంతా నీళ్ల కింద అలాగే నిలబడి ఉందట. గాలి ముదిరిన రోజున అక్కడి వడ్రంగులు సుత్తులు పట్టుకుంటారట. నవ్వకండి. ఆ చప్పుడు నేనూ విన్నాను. రేకు కొట్టుకుంటోందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కొట్టానికి రేకులు లేవు.

మాస్టారు కూడా నమ్మారు. సముద్రం వెనక్కి తీసిన వేళల్లో పంచె ఎగగట్టి, మోకాలి లోతు నీళ్లలో కర్రతో పొడుచుకుంటూ పునాదులు వెతికేవారు. జాలర్లు చూసి "మాస్టారిదేదో పోయింది పాపం" అనుకునేవారు.

కొలతల్లో ఆయనదొక పద్ధతి. టేపు చదివినవాళ్లు అంకె చెప్పాలి, రాసేవాళ్లు దాన్ని తిరిగి పలకాలి, అప్పుడే కాగితం మీద పెట్టాలి. కొట్టంలో అయితే పైకప్పు కూడా పలికేది, కాస్త ఆలస్యంగా. ఆయన దానికోసం ఆగేవారు. "ముగ్గురం ఒప్పుకున్నాం, ఇక రాయి" అనేవారు. నేను నవ్వేదాన్ని, కానీ పైకి చూసేదాన్ని కాదు.

చిక్కు విడిపోయింది మాత్రం సముద్రానికి చాలా దూరంలో, చిలకలూరిపేట దగ్గర మా మిరప కల్లంలో. భోజనానికి పిలిస్తే వచ్చారు. ఘాటుకి తుమ్ముకుంటూ మజ్జిగ తాగుతున్నారు. మా పెద్దమ్మ ఎండిన కాయల గంపలు లెక్కపెడుతోంది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. "అమ్మా, మళ్లీ అనండి."

"ఏంటి మాస్టారుగారూ?"

"ఆరు తర్వాత ఏమన్నారు?"

"ఆరున్నొకటి. పంట ఇంటికొచ్చే వేళ ఎవరన్నా ఏడు అంటారా అండీ? అన్నామంటే ఏడవమన్నట్టేగా!"

ఆయన కల్లంలోనే చతికిలబడ్డారు. ఆ వడ్రంగులూ మా పెద్దమ్మ లాంటివాళ్లే. కొత్త ఓడ దగ్గర ఏడుపు మాట ఎందుకని, ఆరు చెక్కి పక్కన ఒకటి చెక్కారు. చదువుకున్నవాళ్లం మేము దాన్ని అరవై ఒకటి చేశాం. "యాభై నాలుగు జతలు ఒక్క మాటతో పోయాయి తల్లీ" అన్నారు. సంతోషమో దిగులో ఆయనకే తెలియలేదు. ఆ తర్వాత కొట్టంలో ఏడు అన్న అంకెను ఎప్పుడూ పలకలేదు, నన్నూ పలకనివ్వలేదు. "మీరు కూడానా మాస్టారూ?" అంటే, "వాళ్లింట్లో వాళ్ల మాటే మాట్లాడాలి" అన్నారు.

ఇంతలో కొట్టాన్ని కూల్చాలని సర్కారు నుంచి కాగితం వచ్చింది. ఇది విరిగిపోయిన ముక్క, అసలుది సముద్రంలో పోయింది, నిలిపి ప్రయోజనం లేదని అందులో రాశారు. గడువులోగా మొత్తం కొలిచి పటం గీసి, కొట్టం ఏడో జతతో సరిగ్గా ముగిసిందని చూపిస్తే తప్ప ఆగదు. మాస్టారు అన్నీ గీశారు. ఆరో జత నుంచి చివరి జతకు ఉన్న దూరం ఒక్కటీ మిగిల్చారు. అడిగితే ఎండ ఎక్కువగా ఉంది, మోకాలు నొప్పిగా ఉంది అని సాకులు. పని అయిపోతే మళ్లీ రావడానికి వంక ఉండదని ఆయన బాధ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తొందరపెట్టాను. గడువుకు నాలుగు రోజులుందనగా పోయారు.

సంగతి ముందే చెప్పేస్తాను. పటం అందింది, కూల్చడం ఆగింది. ఆ చివరి కొలత ఎలా వచ్చిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

దహనం నాడు నాకు కన్నీళ్లు రాలేదు. నలుగురూ నా మొహం వంక చూశారు. రాకపోతే నేనేం చేసేది? రెండో రోజు మిట్టమధ్యాహ్నం కొట్టానికి వెళ్లాను. అక్క ఆరో స్తంభం దగ్గర టేపు పట్టుకుంది. నేను చివరి దాని దగ్గరికి లాగి చదివాను. "పదకొండు అడుగుల నాలుగంగుళాలు." తిరిగి పలకాలని అక్కకు తెలియదు. పైకప్పు పలికింది. నేను రాసుకున్నాను.

"అది ఎన్నోదమ్మా?" అని అడిగింది అక్క అటు చివర నుంచి.

"ఏడు" అనేశాను.

పైకప్పు వెంటనే పలకలేదు. చాలాసేపటికి "ఏడు" అంది, నా గొంతుతోనే. మళ్లీ "ఏడు" అంది. ఆ రెండోది నా గొంతు కాదు. కాస్త బొంగురుగా, తీరిగ్గా, రాసే ముందు ఒకసారి పలికి చూసుకునే గొంతు. అంకె చెప్పినట్టు లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టుంది.

అక్కడే, ఆ స్తంభాన్ని పట్టుకుని ఏడ్చాను. అక్క టేపు మాత్రం వదల్లేదు. కొట్టం నా ఏడుపును కూడా తిరిగి పలికింది, అటు నుంచి, ఇటు నుంచి, పై నుంచి. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని నేను ఆపేశాను.

కొట్టం ఇంకాసేపు ఆపలేదు.