గోడ ముందా, కేంద్రకం ముందా

పొదిలిలో మాకు బోటనీ చెప్పిన మాస్టారికి కోపమొస్తే, విసిరిన సుద్దముక్క సింగరాయకొండలో దొరికేది. కణవిభజనలో కేంద్రకం కంటే ముందు కణద్రవ్యం విడిపోతుందని ఎవరైనా రాస్తే చాలు.

ఆయనా తమ్ముడూ మిరపచేను పంచుకున్నారు. బోరు నీళ్ల సంగతి తేలకుండానే తమ్ముడు నడిమధ్య మార్టూరు రాతిపలకలు పాతించాడు. బోరు తమ్ముడి వైపు పోయింది. ఇటు మాస్టారి మిరప పూత మీద వాడిపోతోంది.

"ఒరేయ్, కేంద్రకం రెండు కాకుండా గోడ లేస్తే, కేంద్రకం లేని సగం చస్తుందిరా. పదో తరగతిలో చెప్పానా లేదా?"

"చెప్పావు అన్నయ్యా. నేను ఫెయిలయ్యాగా," అన్నాడు తమ్ముడు, మోటారు వేస్తూ.

మాస్టారు గడ్డపారతో బోరు కాలవకు అడ్డమున్న పలకను పెకలించారు. నీళ్లు ఇటు మళ్లాయి.

"ఇప్పుడు ఆపరా మోటారు, చూస్తాను."

తమ్ముడు ఆపలేదు.