మలుపొస్తే అందరూ దిగండి

పెళ్ళిచూపులకు కారులో బయల్దేరిన మగపెళ్ళివారు, అదే కారు వెనక నడుచుకుంటూ పెళ్ళికూతురి వీధిలోకి రావడం మీరెక్కడైనా చూశారా? ఏఎస్ పేట జనం చూశారు. వాళ్ళకా వినోదం ఉచితంగా అందించింది నేనే. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు బానెట్ తెరిచి అందులో దూరి పైనుంచి మూత వేసుకుందామనిపించింది.

నేను ఉదయగిరిలో లెక్కల టీచర్ని. వ్యాసార్ధం, చుట్టుకొలత అంటూ ఏటేటా పిల్లల ప్రాణాలు తోడే జాతి. నాకొక చిన్న కారుంది. ఎంత చిన్నదంటే, వీధిలో గేదె అడ్డం నిలబడితే అవతల కారున్న సంగతే తెలియదు. మా ఆయనకు నడపడం రాదు. పక్కన కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కడం మాత్రం బాగా వచ్చు.

ఆ కారు టైర్లు అరిగి అరిగి గుమ్మడికాయల్లా నున్నగా తయారైన సమయంలోనే మా మరిది సుధీర్‌కు ఏఎస్ పేట నుంచి సంబంధం వచ్చింది. మా అత్త టైర్లను ఒకసారి కాలితో తన్ని చూసి తేల్చి చెప్పింది.

"ఈ బోడి టైర్లతో నేను రాను. శుభమా అని పోతా దోవలో బోర్లాపడితే ఏం గావాల?"

సరే, ఆత్మకూరు వెళ్ళాను. మొదట అద్దాల తలుపులున్న పెద్ద షాపులో ధర అడిగాను. చెప్పారు. వాళ్ళిచ్చిన చల్లటి నీళ్ళు తాగి, తలుపు నేనే తెరుచుకుని బయటికొచ్చాను. తర్వాత బస్టాండు వెనక సందులో ఇంకో కొట్టు దొరికింది. ఆ కొట్టతని మాటలకు నూనె అక్కర్లేదు, వాటంతటవే జారతాయి.

"ఇవి పాతవి కాదక్కా. కొత్త బండి కొన్నోళ్ళు మోజుకొద్దీ ఇంకా పెద్దవి ఏయించుకోని ఇవి ఇడిసిపెట్టి పోయినారు. చూడు, రబ్బరు ఎంటికలు గూడా ఊడలా!"

"నా కారువి ఇంత లావు లేవే?"

"లావుంటే మంచిదే గదక్కా! రోడ్డును ఒడిసి పట్టుకుంటాది."

"నంబరు కూడా వేరేగా ఉంది."

"రిమ్ము ఒకటే గదా! చెప్పు ఒక నంబరు పెద్దదైతే మనిషి నడవడం మానుకుంటాడా?"

మా తరగతిలో ఏ పిల్లాడైనా ఈ తర్కం చెబితే గోడకుర్చీ వేయించేదాన్ని. కానీ ధర సగమనేసరికి నాకది వేదవాక్యంలా వినిపించింది. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నారు పెద్దలు. నేను చవగ్గా వచ్చాయని ముందు రెండు, వెనక రెండు వేయించేశాను.

ఒక్కదాన్నే ఉదయగిరి దాకా నడుపుకుంటూ వచ్చాను. పూలమీద వచ్చినట్టుంది. కారు జానెడు ఎత్తు పెరిగినట్టు కనిపించింది. అలా కనిపించడం నా గర్వంవల్ల కూడా కావచ్చు.

"సైజు సరిపోయిందా?" అన్నాడు మా ఆయన.

"సరిపోవడమేంటి, ఇంకా ఎక్కువే ఉంది!" అన్నాను.

ఆ మాట నేను నిజంగానే అన్నాను. మీరు నమ్మాలి.

పెళ్ళిచూపుల రోజు రాహుకాలం రాకముందే చేరాలని బయల్దేరాం. ముందు సీట్లో పళ్ళబుట్టతో మా అత్త. వెనక మా ఆయన, సుధీర్, వాళ్ళిద్దరి నడుమ మా పెదమామ. పెదమామంటే మా మామగారి అన్న. ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా ఆయన కూర్చోనిదే మొదలు కాదు. ఆయన కూర్చుంటే మాత్రం మంచం ఒక మూలుగు మూలుగుతుంది. మా కారు కూడా మూలిగింది. కొత్త టైర్ల బలం కదా అని నేను పట్టించుకోలేదు.

తిన్నని రోడ్డు మీద అంతా బాగానే ఉంది. ఆత్మకూరులో మొదటి పెద్ద మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పానో లేదో, రోట్లో గులకరాళ్ళు రుబ్బుతున్నట్టు గర్రుమంది. వెంటనే కాలిన రబ్బరు వాసన.

"ఏందమ్మాయ్ ఆ సప్పుడు?" అన్నాడు పెదమామ.

"కొత్త టైర్లు మామా. అలవాటు పడాలి."

"టైర్లు దేనికి అలవాటు పడాల?"

"మనకు."

ఇంకాస్త తిప్పబోతే స్టీరింగ్ మొరాయించింది. వెనక లారీవాడు హారన్ మోగిస్తున్నాడు. ఏమైందో చూద్దామని అందరూ కిందికి దిగారు. దిగగానే స్టీరింగ్ వెన్నలా తిరిగింది! అప్పుడు వెలిగింది నాకు. మనుషులెక్కితే కారు కిందికి దిగుతుంది. దిగితే ఆ లావు టైర్లు చక్రాల మీదుండే రేకుల లోపలి అంచులకు రాసుకుంటాయి. పిల్లికి పులి చెప్పులు తొడిగి, దానిమీద ఏనుగును ఎక్కించానన్నమాట. ఈ ఉపమానం ఆ రోజు పైకి అనలేదు. ఏనుగు పక్కనే ఉన్నాడు.

"ఏం లేదత్తా," అన్నాను వీలైనంత మామూలుగా, "మలుపొస్తే అందరూ దిగండి. తిరిగినాక ఎక్కండి."

"స్టీరింగ్ పెట్టిందే తిప్పేదానికి గదా!" అన్నాడు మా ఆయన.

"నువ్వు ముందు దిగు."

అలా మలుపుకోసారి దిగుతూ, ఎక్కుతూ ఏఎస్ పేట చేరాం. దర్గాకు వచ్చిన జనంతో సందులు కిటకిటలాడుతున్నాయి. అడుగుకో మలుపు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, కారు ఆగినందుకు కాదు గానీ, పూలమ్మే ఆయన చూసినందుకు మా అత్త ముఖం ఎర్రబడింది.

"ఏందమ్మా, మాటిమాటికీ దిగతా ఉండారు? మొక్కుబడా?" అన్నాడతను.

"అవును నాయనా, మొక్కే," అంది మా అత్త పళ్ళు కొరుకుతూ. "నా కోడలు మొక్కుకునింది."

చివరి వీధిలో ఎక్కడం దిగడం కూడా మానేశారు. ఖాళీ కారులో నేనొక్కదాన్ని రాణిలా ముందు, పంచె ఎగ్గట్టిన పెదమామ, పళ్ళబుట్ట నెత్తికెత్తుకున్న పెళ్ళికొడుకు, మా ఆయన, మా అత్త వెనక. పెళ్ళికూతురి తండ్రి గేటు దగ్గర నిలబడి ఈ ఊరేగింపు చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం బావా, నడిచొస్తా ఉండారే! కారు చెడిపోయినాదా?"

పెదమామ ఉత్తరీయం సర్దుకున్నాడు.

"కారు బాగానే ఉండాది బావా. మేమే దానికి ఎక్కువైనాం."

లోపల కాఫీ కప్పులు గలగలమన్నాయి. పెళ్ళికూతురు నవ్వాపుకోలేక వణుకుతూ ట్రే తెచ్చింది. వంటొచ్చా, ఏం చదివావు అని మావాళ్ళు అడిగేలోపు ఆ పిల్లే సుధీర్‌ని అడిగేసింది: "మళ్ళీ ఎట్ట పోతారు?"

"నడిచైనా పోతాం గానీ, నువ్వు సరేనంటేనే పోతాం," అన్నాడు మావాడు. సంబంధం అక్కడికక్కడే కుదిరిపోయింది.

కుదిరిన సంతోషంలో వాళ్ళు బొబ్బట్లూ వడలూ కొసరి కొసరి పెట్టారు, మావాళ్ళు మొహమాటపడలేదు. ఫలితంగా తిరుగు ప్రయాణంలో కారు తిన్నగా కూడా కదల్లేదు. అందరూ బస్సెక్కారు. ఆ బస్సు వెనకే నేను ఖాళీ కారు నడుపుకుంటూ, కిటికీలోంచి మా అత్త చూసే చూపులన్నీ భరిస్తూ ఉదయగిరి చేరాను.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ముందు నిలబడి, కుడిచేయి చాచి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: "ఇకమీదట ఏ టైరు కొన్నా, అత్తనూ పెదమామనూ కారులో కూర్చోబెట్టి, కుడికోసారి ఎడమకోసారి తిప్పి చూసుకోనిదే కొనను గాక కొనను!"

మా అత్త వక్క నములుతూ ప్రశాంతంగా విన్నది.

"అయితే ఈసారి పెళ్ళిచూపులు మాకన్నమాట, టైర్ల కొట్లో!" అంది.