పద్దెనిమిది ఊపిర్లు

ఇది కల కాదు. నా భార్య సత్యవతి మీద ఒట్టేసి చెబుతున్నాను. నమ్మకపోతే డైరీ తెచ్చి చూపిస్తాను. అందులో ఉన్నది నా చేతిరాతే.

ఉక్కు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి షిఫ్టు లాగ్‌బుక్ రాసినవాణ్ణి. రిటైరయ్యాక సత్యవతికి గుండె బలహీనపడింది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అప్పటి నుంచి ఆవిడ బరువు, తాగిన నీళ్లు, నిమిషానికి ఎన్ని ఊపిర్లు... అన్నీ రాస్తున్నాను. రాత్రి రెండింటికి ఒకసారి లేస్తాను. లైటు వేస్తే ఆవిడకి మెలకువ వస్తుందని చీకట్లోనే, దుప్పటి మీద చెయ్యి ఆనించి లెక్కపెడతాను. ఆవిడ గోడవైపు మంచం మీద, మూడు దిండ్లకు ఆనుకుని. నేను పక్కనే మడత మంచం మీద.

మొన్న వానాకాలంలో సంగతి. కింది వాటాలో ఉండే మా బావమరిది అప్పలరాజు హార్బరు నుంచి ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చాడు. ఆవిడకి ఉప్పు పడదు.

"రెండు ముక్కలేనండి. ఉప్పంతా కడిగీసినాను," అంది సత్యవతి.

"డైరీలో ఎక్కించకు బావా, అక్క కూడు మానేస్తాది," అని నవ్వాడు అప్పలరాజు.

నేనూ నవ్వి ఊరుకున్నాను. అదే నా తప్పు.

ఆ రాత్రి రెండింటికి లేచాను. ఎక్కడో ఓడ కూత... ఆగిపోయింది. ఎడమ చెయ్యి చాపి దుప్పటి మీద పెట్టాను. వెచ్చగా ఉంది. లేచింది... దిగింది. లేచింది... దిగింది. ప్రతి ఊపిరి చివరా సన్నగా ఈల లాంటి చప్పుడు. చీకట్లో మెరిసే గడియారం ముళ్లు చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాను.

పద్దెనిమిది. ఇంత బాగా ఈమధ్య ఎప్పుడూ రాలేదు. టార్చి చంకలో ఇరికించి, డైరీ మీదికే పడే వెలుగులో కుడిచేత్తో రాశాను: 'రెండు గంటలు. పద్దెనిమిది. నిద్ర ప్రశాంతం.'

అప్పుడు... బాల్కనీలో చప్పుడు. ఇనుప కమ్మీని గోళ్లతో గీకుతున్నట్టు.

"ఏటండి..."

సత్యవతి గొంతు.

నా ఎడమ చెయ్యి ఇంకా దుప్పటి మీదే ఉంది. అది... లేస్తోంది. దిగుతోంది.

స్విచ్ దాకా ఎలా వెళ్లానో తెలియదు. లైటు వేశాను. మూడు దిండ్లు. అణిగిపోయిన దుప్పటి. మంచం మీద ఎవరూ లేరు.

సత్యవతి బాల్కనీలో నేల మీద కమ్మీ పట్టుకుని ఉంది. పెదాలు నీలంగా...

"పడుకోలేకపోనాను... ఎంతసేపో... పిలుస్తన్నాను..."

కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాను. కాళ్లు కిందికి వేలాడదీశాను. కిందికి కేక పెట్టాను. అప్పలరాజు పరుగున వచ్చాడు.

"ఇంతసేపూ ఏటి సేత్తన్నావు బావా?"

"ఊపిరి లెక్కపెడుతున్నాను."

"అక్క ఇక్కడుంటే ఎవుల్ది?"

అంబులెన్సుకి ఫోన్ చేశాను.

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, నీరు లాగే ఇంజెక్షన్లు చేశారు. ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. డాక్టరుగారికి జరిగింది చెప్పి డైరీ చూపించాను.

"మీ ఊపిరే మీరు లెక్కపెట్టుకుని ఉంటారు మాస్టారూ."

అయ్యుండొచ్చు. కానీ నా చెయ్యి ఉన్నది నా గుండె మీద కాదు. ఫ్యాను గాలికి దుప్పటి లేచిందేమోనని ఇంటికొచ్చి అదే దుప్పటి, అవే దిండ్లు పెట్టి గంటసేపు చూశాను. అంచు కూడా కదల్లేదు.

అయిదో రోజు ఆవిణ్ణి ఇంటికి పంపారు. దుప్పటి సంగతి నేను ఆవిడతో అనలేదు. అప్పలరాజుతోనూ అనలేదు. గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది సత్యవతి.

"ఆ మంచం మీద నాను తొంగోను."

"సరే, నా మడత మంచం తీసుకో. అక్కడ నేను పడుకుంటాను."

ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీరూ వద్దు."

ఆవిడ చూపు ఆ మూడు దిండ్ల మీదే ఉంది.