చిత్రావతిలో లైన్ పెట్రోలింగ్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, కార్తీకమాసంలో, నన్ను పెనుకొండ నుంచి ధర్మవరం దగ్గరి ఒక పల్లె సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. విద్యుత్ శాఖలో ఏఈ అంటే తన సెక్షన్‌లోని ప్రతి స్తంభానికీ, తీగకూ జవాబుదారీ. హిందూపురంలో ఉద్యోగం మొదలుపెట్టిన నాటి నుంచి నేను చూసినవన్నీ ఎండిన ఏర్లే. ఏటి ఇసుకలో స్తంభాలు పాతించడం మాకు వింతగా ఉండేది కాదు.

ఆ ఏడు చిత్రావతి ఏరు పారింది. నేను చేరేసరికే అవతలి గట్టున ఉన్న ఒక ఊరికి మూడు రోజులుగా కరెంటు లేదు. తాగునీటి మోటారు ఆగిపోయింది. ఏరు దాటే పదకొండు కేవీ లైను, కరెంటు వదిలి ఛార్జ్ చేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతోంది. అంటే లైనులో ఎక్కడో లోపం ఉండి, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తనంతట తానే పడిపోతోంది. దారి నీళ్లలో మునిగింది. గట్టు మీంచి చూస్తే తుమ్మచెట్ల గుబురే తప్ప తీగ కనబడదు. లైను కింది చెట్లన్నీ కొట్టించి సాయంత్రానికల్లా సప్లై ఇవ్వమని పైనుంచి ఆదేశం వచ్చింది.

లోపం ఎక్కడుందో చూడకుండా ఏది కొట్టించాలో తేలదు. లైన్‌మన్ నారాయణప్ప ఒక పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, మాట్లాడుకొచ్చాడు. నడిపే ఖాసీంబీ ధర్మవరం చెరువులో చేపలు పట్టే నడివయసు మనిషి. చెరువు ఎండిన ఏళ్లలో మగ్గం పనికి పోయేదట. నాకు ఈత రాదు. లైను ఆపామనీ, నేను కాగితం తిరిగిచ్చేదాకా ఎవరూ ఛార్జ్ చేయరనీ సబ్‌స్టేషన్ వాళ్లిచ్చే లైన్ క్లియర్‌ను గట్టున నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. నా భయం ఆమెకు అర్థమైంది.

"నడుమ కూకోండి సార్. పుట్టి గిర్రున తిరుగుతాది గానీ మునగదు."

నిజంగానే తిరిగింది. మొదటి స్తంభం దాటేసరికి కళ్లు తెరిచాను. ఏటి పాయల మీదుగా ఏటవాలుగా పోయే లైను అది. స్తంభాల అడ్డకమ్ముల మీద నీటికాకులు రెక్కలు పరిచి ఆరబెట్టుకుంటున్నాయి. నలుపూ తెలుపూ కలిసిన లకుముకి పిట్ట ఒకటి గాలిలో ఒక్కచోటే నిలబడి, రాయిలా నీళ్లలో పడి, చేపతో లేచింది. కొట్టుకొచ్చిన మొద్దు మీద తాబేళ్లు వరసగా ఉన్నాయి. మునిగిన తుమ్మకు ఒక ఉడుము కరుచుకుని మమ్మల్నే చూస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ తాలూకాల్లో తిరిగాను. ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయో నాకు తెలియదు.

నాలుగో స్తంభం దగ్గర లోపం దొరికింది. వరద ఒరిగించిన చెట్టు కొమ్మలు తీగను రాసుకుంటున్నాయి, ఆకులు మాడిపోయాయి. కింద నీళ్లలో ఒక తెల్లకొంగ చచ్చి తేలుతోంది. ఆ చెట్టు నిండా, పక్క చెట్ల నిండా కొంగల గూళ్లు. గూళ్లలో ఈకలు సరిగ్గా రాని పిల్లలు నోళ్లు తెరిచి అరుస్తున్నాయి.

నారాయణప్ప కొడవలి తీశాడు. "ఊర్లో జనం ఏటి నీళ్లు తాగుతాండారు సార్. కొంగల కోసం కూకుంటామా?"

"మా చెల్లెలు ఆడనే ఉండాది. అది మోసే బిందెలు నాకు తెలుసు లేప్పా," అంది ఖాసీంబీ. "కానీ వీటికింకా రెక్కలు రాలేదే. అయినా సార్, పక్కనే ఉండే పై ఊర్లో లైట్లు ఎలుగుతానే ఉండాయి. ఆ కరెంటు ఈళ్లకు రాదా?"

నేను నారాయణప్ప వైపు చూశాను. రెండు ఊళ్ల మధ్య ఒక ఏబీ స్విచ్ ఉందని, అంటే స్తంభం మీద రెండు లైన్లను కలిపే స్విచ్ ఉందని, ఏళ్ల తరబడి దాన్ని వాడలేదని చెప్పాడు. పై ఊరు వేరే సెక్షన్‌ది.

పుట్టిలోంచే మా ఏడీఈకి ఫోన్ చేశాను. ఏఈల మీద అధికారి ఆయన. ఆ లైను అంత లోడు మోయదన్నారు. వానలకు బావులన్నీ నిండాయి, సేద్యం మోటార్లు ఎవరూ వేయడం లేదు, తాగునీటికీ ఇళ్లకూ సరిపోతుందని చెప్పాను. అయితే ఏమైనా కాలిపోతే బాధ్యత నాదేనని రాసిమ్మన్నారు. పెన్షన్ దగ్గర పడ్డవాడికి అది చిన్న మాట కాదు. ఒప్పుకున్నాను.

అవతలి గట్టు చేరాక నారాయణప్ప స్తంభమెక్కి జంపర్లు, అంటే లైను ముక్కల్ని కలిపే చిన్న తీగలు, విప్పేశాడు. ఇవతల సబ్‌స్టేషన్‌లో ముందే ఆపి ఉంది కాబట్టి, దాంతో ఏటిలోని లైను రెండు వైపులా తెగి, తాకినా ప్రమాదం లేనిదైంది. పక్క సెక్షన్ ఏఈ వచ్చి తన లైను ఆపించాక, తుప్పు పట్టిన ఏబీ స్విచ్‌కు నూనె పోసి, మూసి రెండు లైన్లనూ కలిపాం. పొద్దుగూకే వేళకు ఛార్జ్ చేశాం. నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే చెవి పెట్టి నిలబడ్డాను. లైను ట్రిప్ కాకుండా నిలిచింది. కాసేపటికి కుళాయిల దగ్గర కేకలు వినబడ్డాయి. ఖాసీంబీ చెల్లెలు మా ముగ్గురికీ టీ తెచ్చింది.

నీళ్లు తగ్గేదాకా ఆ ఏర్పాటే సాగింది, ఏదీ కాలలేదు. తర్వాత పోయి చూస్తే గూళ్లు ఖాళీ, పిల్లలు ఒడ్డున వేటాడుతున్నాయి. తీగను తాకే కొమ్మలు మాత్రం కొట్టించాను. లైనును ఏటిలోంచి తీసి వంతెన పక్కగా వేయడానికి ఎస్టిమేటు పంపితే, నేను రిటైరయ్యేలోపే మంజూరైంది.

చెట్లు కొట్టమన్నవారిది తప్పనను. వారి ముందున్నది లైన్ డయాగ్రమ్ ఒక్కటే. గట్టునే ఉండి ఉంటే నేనూ కొట్టించేవాణ్ణి. సప్లై ఇవ్వడం మా పని. ఏ దారిన ఇవ్వాలన్నది మాత్రం ఆ చోటికి వెళ్లి, అక్కడ బతికేవాళ్లను అడిగాకే తేల్చుకోవాలి. ఈ సంగతి నాకు ఉద్యోగం చివర్లో తెలిసింది. కొత్తగా చేరేవాళ్లకు మొదట్లోనే తెలిస్తే మేలు.