బండి ఊగిన మాట నిజం

మా ఆయనకు కళ్ళు తిరిగే జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, మంచినీళ్ళు దిగుతాయి, ఇది మాత్రం లోపలికీ దిగదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. తెనాలిలో ఉంటాను, అరవై దాటిన మనిషిని, అంతవరకు చాలు. నా మీద జాలి పడొద్దు, నాకు గిట్టదు. ఆయన మీద పడదలుచుకుంటే మీ ఇష్టం. ముందు మొత్తం వినండి.

ఆయన డ్రైనేజీ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బయట ముద్ద ముట్టలేదు. హోటలు కూర పడదు. పెళ్ళి భోజనం పడదు. మా సొంత అక్క వండినా పడదు. నా చేతి వంట అంటే ప్రాణమని అందరికీ చెప్పుకునేవారు కాని, ఆ చెయ్యి ఎలా ఉందని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఆయన రిటైరయ్యాక నేను కోరింది ఒక్కటే. ఏదో ఒక ఊరికి రైల్లో వెళ్దాం, గది తీసుకుందాం, నాలుగు రోజులు ఎవరో వండింది తిందాం. ఆయన సరేనన్నారు. సరేనని ఏం చేశారో తెలుసా? స్కూలు పిల్లల్ని తిప్పిన పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, వడ్రంగిని పిలిచి అందులో మంచం, గ్యాసు పొయ్యి, సింకు, గిన్నెల అల్మరా పెట్టించారు. ఇక దేశమంతా తిరగొచ్చు, బయట తిండి బెడదే లేదు అన్నారు.

వంటింట్లోంచి బయటపడదామనుకున్న ఆడదానికి వంటింటినే చక్రాల మీద పెట్టి తెచ్చిన మనిషిని ఏమనాలి? వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. అదృష్టవంతురాలివమ్మా అన్నారు. ఆ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వ్యాను ఊగేది. గ్యాసు బండ, నీళ్ళ ట్యాంకు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళ జాడీలు అన్నీ ఎడమవైపే ఉండేవి. మలుపు తిరిగితే బండి అటే ఒరిగేది. నీ సామాను బరువే ఇదంతా అని నన్ను విసుక్కునేవారు. ఎవరి కడుపులోకి పోయే సామానో ఆయనకు గుర్తు ఉండేది కాదు. ఇంజనీరు కదా, మెకానిక్కుకు ఇవ్వడం నామోషీ. ఫోనులో వీడియోలు చూసి అన్నీ తనే మొదలుపెట్టారు. నీళ్ళ ట్యాంకును మధ్యకు జరిపారు. షాకబ్జర్లు మార్చారు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టల్లో చెరో ఇనప పట్టీ ఎక్కువ వేశారు. అయినా కుదరక, ఇరుసుకూ చట్రానికీ నడుమ పెట్టే రబ్బరు గాలి సంచులు రెండు తెప్పించి, ఒక్కో పక్కన ఒక్కొక్కటి బిగించారు. బరువు ఎక్కువున్న వైపు గాలి కాస్త ఎక్కువ పెడితే బండి సమంగా నిలబడుతుంది.

పని మాత్రం బాగా చేశారు. ఆ మాట చెప్పకపోతే అది ఇంకో అబద్ధం అవుతుంది. గాలి సరిగ్గా కుదిరిన రోజు వేమూరు దాకా వెళ్ళి వచ్చాం, ఒక్క గిన్నె కదల్లేదు. ఆయన స్టీరింగు మీద తాళం వేస్తూ ఈల వేశారు. పెళ్ళయ్యాక ఆయన ఈల వినడం అదే మొదటిసారి. నాకు అంత కోపం ఎందుకొచ్చింది? నా మొగుడు సంతోషంగా ఉంటే నాకేం నొప్పి? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. ఇక ఈ బండి ఆగదు, దానితో పాటు నా వంటా ఆగదు అని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

సంచుల్లో గాలి దిగిపోయేది, బయల్దేరే ప్రతిసారీ మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించే మూతి చక్రం వెనకాల ఉండేది. వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరగలరు కాని, ఆయన నడుం వంగదు. అందుకని నేల మీద కూర్చుని గేజీలో ముల్లు చూసే పని నాకు పడింది. ఆయన నిలబడి పంపు తొక్కేవారు, నేను ముల్లు చూసి ఆపమనేదాన్ని. ఎడమవైపు ముప్పై అయిదు దగ్గర ఆపాలి.

బాపట్ల వెళ్ళాలనుకున్న రోజు వాన వెలిసి నేలంతా బురదగా ఉంది. అందులో కూర్చున్నాను. చీర పాడైపోయింది. ముల్లు చూడ్డం కూడా రాదా నీకు, తొందరగా చెప్పు అని ఆయన పైనుంచి కసిరారు. ముల్లు ఇరవై కూడా దాటలేదు. చాలు, ముప్పై అయిదు అన్నాను. అప్పుడు కుట్రేమీ లేదు, ఆ బురదలోంచి లేద్దామనే అన్నాను. ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు ఒకటే.

పొన్నూరు రోడ్డులో కాలువ పక్క మలుపు దగ్గర బండి ఒక్కసారిగా ఎడమకు ఒరిగింది. అల్మరా తలుపు తెరుచుకుని గిన్నెలు దొర్లాయి. ఆయన వేగం తగ్గించి, రెండు చేతులతో స్టీరింగు బిగబట్టి, బాపట్ల దాకా అలాగే నడిపారు. సూర్యలంక దారిలో ఒక చెట్టు కింద ఆపి, దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఏమే, బండి ఊగింది కదూ?"

"లేదండి. నాకేం తెలీలేదే."

"ఏంటి తెలీకపోడం? ఆ మలుపులో ఎడంపక్కకి వాలిపోలా? గిన్నెలు పడ్డాయిగా!"

"గిన్నెలు నేనే సరిగ్గా సర్దలేదండి. అల్మరా గడియ పెట్టడం మర్చిపోయా. బండి బాగానే ఉంది. మీరే పొద్దుట్నించి ఏం తిన్లేదు, కళ్ళు తిరిగుంటాయి."

ఆయన నా మొహంలోకి చూశారు. తప్పు నా మీద వేసుకున్నాను కదా, ఇక అనుమానించడానికి చోటెక్కడుంది? తల ఊపి, కాసేపు కూర్చుంటానే అన్నారు. వెళ్ళి ఆ చెట్టు మొదట్లో కూర్చున్నారు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నేను చెప్పినమాట ఆయన ఎదురు చెప్పకుండా నమ్మింది అప్పుడే. నాకు హాయిగా అనిపించింది. తెలిసి చేసిన తప్పు అక్కడ మొదలైంది.

ఆ తర్వాత పొరపాటు అనడానికి లేదు. ఒకరోజు గాలి సరిగ్గా పెట్టించేదాన్ని, ఇంకోరోజు సగానికే ఆపేదాన్ని. రోజూ ఊగితే బండిలో లోపం దొరికిపోతుంది. అప్పుడప్పుడు ఊగితేనే మనిషికి తన మీద తనకు అనుమానం వస్తుంది. ఇంత తెలివి నాలో ఎక్కడ దాక్కుందో! ఆయన ఎండాకాలమంతా లుంగీ కట్టుకుని బండి కింద దూరారు. బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించారు. వేసిన పట్టీలు తీశారు, తీసినవి వేశారు. గేజీ మాత్రం తను చూసుకోలేదు, ఆ లెక్క నేను చెప్పిందే. నేను పక్కన కూర్చుని పానాలు అందించాను, మజ్జిగ కలిపి ఇచ్చాను. లోపం ఎక్కడుందో తెలిసిన దాన్ని, వెతుకుతున్న వాడికి దీపం పట్టాను. అంత దగ్గర కూర్చుని నోరెత్తకుండా ఎలా ఉండగలిగానా అని ఇప్పుడు ఆలోచిస్తే, కష్టమేమీ అనిపించలేదని గుర్తొస్తుంది.

రేపల్లె వెళ్ళినప్పుడు కొల్లూరు దాటాక అరటిగెలల లారీ ఒకటి ఎదురొచ్చింది. ఆయన పక్కకు తిప్పారు, బండి ఒరిగింది, ఒరిగి నిలబడ్డానికి చాలా సేపు పట్టినట్టనిపించింది. రోడ్డు వార సైకిలు నడిపించుకుంటూ పోతున్న ముసలాయన కాలువ గట్టు మీదికి గెంతాడు. పడితే మేమిద్దరం పోయేవాళ్ళం. మా సంగతి సరే, ఆ ముసలాయన ఏం చేశాడు నన్ను? ఆరోజైనా బుద్ధి రావాలి కదా? వచ్చింది. ఇక దారిలో ఎవరినీ చంపకూడదు, దీన్ని తొందరగా ముగించాలి అనుకున్నాను. నాకు వచ్చిన బుద్ధి అది.

అప్పటికి ఆయన పంతం చచ్చింది. తెనాలిలో ఒక మెకానిక్కును పిలిపించారు. ఒకసారి నడిపి చూడవయ్యా అన్నారు. ఇంజనీరుగారు మెకానిక్కును బతిమాలడం చూసి నేను లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను. అతను వచ్చేముందు గాలి ఎక్కించాం. ఈసారి ముల్లు ముప్పై అయిదు మీద నిలిచేదాకా పంపు తొక్కించాను. ఒక్క గీత తేడా రానివ్వలేదు. అతను పొన్నూరు రోడ్డులోనే పోయి వచ్చి, బండి భేషుగ్గా ఉంది, ఇంత బాగా ఎవరు చేశారు సార్ అని అడిగాడు. నేనే అని ఆయన చెప్పలేదు. వీధి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. బండిలో ఏ లోపమూ లేదంటే లోపం ఎవరిలో ఉన్నట్టు?

ఆరోజు తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. తక్కువ గాలి పెట్టిన రోజులు కావు. సరిగ్గా పెట్టిన రోజు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఏమీ కనబడలేదు, వయసు మహిమ అయుంటుంది అని మాత్రలు రాశాడు. అవి వేసుకున్న పూట ఆయనకు మగతగా ఉంటుంది. మగతగా ఉంటే జబ్బు ఉన్నట్టే అనుకుంటారు. ఆ మాత్రలు చేతిలో పెట్టేది నేనే. వ్యాను అమ్మేశాం. కొన్నవాళ్ళు దాన్ని వాడరేవులో టిఫిన్ బండి చేశారని విన్నాను. దానితో పాటు ఆయన స్కూటరు మానేశారు. తర్వాత సైకిలు. తర్వాత బజారుకు ఒంటరిగా వెళ్ళడం. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తారు. గట్టి మనిషి, గోడ పట్టుకుని.

నాకేం ఒరిగింది? ఆయన ఊరు దాటరు, ఆయన్ని వదిలి నేనూ దాటలేను. ఎవరో వండిన అన్నం ఇప్పటికీ తినలేదు. ఇవాళ కూడా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి వచ్చే ఇది రాస్తున్నాను. నాకు దక్కిందల్లా ఒకటే. వచ్చిన ప్రతివాళ్ళతో ఆయన, మా ఆవిడ లేకపోతే నేను లేనండి అంటారు. ఈ మాట కోసం నేను జీవితమంతా ఎదురుచూశాను. వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. జబ్బు లేదని చెప్పేస్తే ఆ మాట పోతుంది. అందుకే చెప్పలేదు. భయం, సిగ్గు అని మీకు చెప్పొచ్చు, కాని అవి తర్వాత వస్తాయి. ముందు ఇది.

ఆయన్ని క్షమించానా? లేదు. నన్ను ఎవరైనా క్షమించాలా? అక్కర్లేదు. క్షమించేవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు పైనుంచి చూస్తారు, అది నేను భరించలేను. మీకు చెప్పాను, అంతే. గొంతు కాస్త తెరిపిన పడింది.

ఇవాళ పొద్దున ఆయన వసారాలోంచి వాకిట్లోకి దిగాలి. నేను తలుపు వెనకాల ఉన్నాను, కావాలనే పలకలేదు. ఏదో పిట్టను చూస్తూ, ఆ ధ్యాసలో ఆయన కాలు కింది మెట్టు మీద పెట్టారు. చక్కగా పెట్టారు. గోడ పట్టుకోలేదు. రెండో కాలు కూడా దించి నిటారుగా నిలబడ్డారు. అంతలో తనకు జబ్బుందని గుర్తొచ్చినట్టుంది. బెదిరిపోయి, చేతులు చాచి, ఏమే, పడిపోతున్నాను, రావే అని అరిచారు.

పరుగెత్తి వెళ్ళి పట్టుకున్నాను.